సిండరెల్లా (1950 చిత్రం) – అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కు

సిండరెల్లా వాల్ట్ డిస్నీ స్టూడియో నిర్మించిన అమెరికన్ యానిమేషన్ చలనచిత్రం. ఇది 1950లో విడుదలైనది. ఈ చిత్రాన్ని మూల నెగటివ్ నుండి 4కె ప్రమాణంలో పునరుద్ధరించి, 2023 జూన్‌లో అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కుగా విడుదల చేశారు. ఇదే చిత్రానికి 2005లో డీవీడీ, 2012లో బ్లూ-రే డిస్కు వెలువడి ఉన్నందున, అవి ఉన్నవారు కొత్త డిస్కును కొనవలసిన అవసరం కలదా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. ఈ చిత్రం విషయంలో మెరుగుదల ప్రధానంగా పిక్సెళ్ళ సంఖ్య పెరగడం వలన వచ్చినది కాదు. పాత ముద్రణలలో చెరిగిపోయిన గీతలు, మారిపోయిన రంగులు మూల ఫిల్ము నుండి తిరిగి లభించడమే అసలు ప్రయోజనం.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి డిస్నీ స్టూడియో అప్పులలో ఉన్నది. విదేశీ విపణి మూతపడడం వలన యుద్ధకాలంలో విడుదలైన చిత్రాలకు ఆశించిన రాబడి రాలేదు. సిండరెల్లా విజయం స్టూడియోను తిరిగి నిలబెట్టినది. క్లైడ్ జెరోనిమి, హామిల్టన్ లస్కే, విల్‌ఫ్రెడ్ జాక్సన్ ఈ చిత్రానికి దర్శకులు. రంగుల రూపకల్పనలో చిత్రకారిణి మేరీ బ్లెయిర్ ప్రభావం ఎక్కువ. 1951లో జరిగిన మొదటి బెర్లిన్ చలనచిత్రోత్సవంలో సంగీత చిత్రాల విభాగంలో దీనికి గోల్డెన్ బేర్ బహుమతి లభించినది. 2018లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దీనికి స్థానం కల్పించారు.

చిత్రీకరణ విధానం

డిస్కు నాణ్యతను అంచనా వేయడానికి ముందు ఈ చిత్రం ఎట్లా తయారైనదో తెలిసికొనుట అవసరం. చిత్రకారులు కాగితంపై పెన్సిలుతో గీసిన బొమ్మలను, సెల్ అని పిలిచే పారదర్శకమైన పలకలపైకి సిరాతో ఎక్కించేవారు. ఈ పని చేసినది స్టూడియోలోని ఇంక్ అండ్ పెయింట్ విభాగం. అందులో పనిచేసినవారు అత్యధికులు స్త్రీలు. గీతలన్నిటికీ నల్ల సిరా వాడేవారు కాదు. దుస్తుల మడతలకు, జుట్టుకు, బుగ్గలకు ఆయా రంగులకు దగ్గరగా ఉండే రంగు సిరాలను వాడేవారు. అందువలన అనేక గీతలు చాలా సన్ననివి, పక్కనున్న రంగులో ఇంచుమించు కలిసిపోయేవి. 1961లో వచ్చిన నూటొక్క డాల్మేషియన్ల చిత్రం నాటికి ఈ చేతిపని స్థానంలో జిరాక్స్ యంత్రం వచ్చినది.

పూర్తయిన సెల్‌ను రంగుల నేపథ్య చిత్రంపై ఉంచి ఫోటో తీసేవారు. ఇందుకు టెక్నికలర్ సంస్థ వారి వరుస చిత్రీకరణ పద్ధతిని అనుసరించారు. అనగా, ఒకే బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల ద్వారా మూడుసార్లు నలుపు-తెలుపు ఫిల్ముపై వరుసగా చిత్రించేవారు. మూడు నలుపు-తెలుపు ఫ్రేములు కలిస్తే ఒక రంగుల ఫ్రేము అవుతుంది. సుమారు 74 నిమిషాల నిడివి గల ఈ చిత్రంలో, సెకనుకు 24 చొప్పున లక్షకు పైగా రంగుల ఫ్రేములు ఉన్నాయి. కనుక మూల నెగటివ్‌లో మూడు లక్షలకు పైగా నలుపు-తెలుపు ఫ్రేములు ఉంటాయి.

ఈ పద్ధతిలో ఒక మేలు ఉన్నది. రంగుల ఫిల్ములోని రంగు పదార్థాలు కాలక్రమేణా వెలిసిపోతాయి. నలుపు-తెలుపు ఫిల్ములో ఉండే వెండి అట్లా వెలిసిపోదు. అందువలన ఏడు దశాబ్దాల తరువాత కూడా మూల వర్ణాలను లెక్కగట్టి రాబట్టడం సాధ్యమైనది. అయితే ఆనాటి నైట్రేట్ ఫిల్ము త్వరగా మండే స్వభావం కలది, పాతబడిన కొద్దీ శిథిలమయ్యేది. అందుచేత దానిని ప్రత్యేకమైన చల్లని గిడ్డంగులలో భద్రపరుస్తారు.

పాత డిస్కులలోని లోపం

ఫిల్ముపై ఏర్పడే ప్రతిబింబం సూక్ష్మమైన రేణువులతో కూడి ఉంటుంది. దీనినే గ్రెయిన్ అంటారు. ఈ రేణువుల అమరిక ప్రతి ఫ్రేముకూ మారుతుంది. తెరపై అది సన్నని కదలికగా కనిపిస్తుంది. 2005 డీవీడీ కొరకు చేసిన డిజిటల్ పునరుద్ధరణలో ఈ కదలికను లోపంగా భావించి తొలగించారు. 2012 బ్లూ-రేలో కూడా అదే ధోరణి కనిపిస్తుంది.

రేణువులను తొలగించే సాఫ్ట్‌వేర్ పక్కపక్క ఫ్రేములను పోల్చి చూస్తుంది. నిలకడగా ఉన్నదానిని బొమ్మగాను, మారుతున్నదానిని మురికిగాను పరిగణిస్తుంది. యానిమేషన్‌లో తరచుగా ఒకే బొమ్మను వరుసగా రెండు ఫ్రేములకు వాడతారు కనుక ఈ పని సులభమే అనిపిస్తుంది. అయితే వేగంగా కదిలే సన్నని గీత కూడా ఆ లెక్కలో మురికిగానే తేలుతుంది. పక్క రంగులో కలిసిపోయే గీతకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఫలితంగా పాత బ్లూ-రేలో సిండరెల్లా గౌను మడతలు, జుట్టులోని పాయలు కొన్ని సన్నివేశాలలో అస్పష్టమయ్యాయి, కొన్నిచోట్ల పూర్తిగా మాయమయ్యాయి. రంగులు కూడా చదునుగా, కొత్తగా వేసిన పెయింటు వలె మారాయి. చూడగానే బొమ్మ ఎంతో శుభ్రంగా కనిపించడం వలన అనేకులు ఈ నష్టాన్ని మొదట గుర్తించలేదు.

దీనిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. చిత్రకారుడు వేసిన బొమ్మలో రేణువులు లేవు కనుక, వాటిని తొలగిస్తే మూల చిత్రలేఖనానికి దగ్గరవుతామని ఒక వాదన. నిర్మాతలు తమ రంగులను ఫిల్ముపై, తెరపై ఎట్లా కనిపిస్తాయో చూసుకొని ఎంచుకున్నారు కనుక ఫిల్ము స్వభావం చిత్రంలో భాగమేనని రెండవ వాదన. మొదటి వాదన వినడానికి సబబుగా ఉన్నా, రేణువులతో పాటు చేతితో వేసిన గీతలు కూడా పోయినప్పుడు అది నిలబడదు.

2023 పునరుద్ధరణ

కొత్త పునరుద్ధరణకు మూల నైట్రేట్ నెగటివ్‌ను 4కె ప్రమాణంలో తిరిగి స్కాన్ చేశారు. డిస్నీ సంస్థ కళాకారులు ఎరిక్ గోల్డ్‌బెర్గ్, మైఖేల్ జైమో ఈ పనిలో సలహాదారులుగా పాల్గొన్నారు. ఈ ప్రతిని 2023 ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. చిత్రానికి గోల్డెన్ బేర్ బహుమతి దక్కిన వేదిక కూడా అదే.

ఈ ప్రతిలో ఫిల్ము రేణువులు మితంగా నిలిచి ఉన్నాయి. గీతలు తిరిగి కనిపిస్తాయి. విందుకు ధరించే గౌను వెండి ఛాయ గల తెలుపులో ఉన్నది. బొమ్మలు, ఆటవస్తువులు, ప్రకటనలలో ఈ గౌనును నీలంగా చూపడం అలవాటైనందున, కొత్త డిస్కు చూసినవారు రంగు మారిందని భ్రమపడవచ్చును. అదే సంవత్సరం అక్టోబరులో స్నో వైట్ (1937) చిత్రం కూడా ఇదే విధమైన పునరుద్ధరణతో అల్ట్రా హెచ్‌డీ డిస్కుగా వచ్చినది.

సాంకేతిక వివరాలు

అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కులు 2016లో విపణిలోకి వచ్చాయి. వీటిలో బొమ్మ కొలత 3840×2160 పిక్సెళ్ళు, సాధారణ బ్లూ-రేలో 1920×1080. అనగా నాలుగు రెట్లు. అయితే సిండరెల్లా ఇంచుమించు చతురస్రాకారానికి దగ్గరైన 1.37:1 నిష్పత్తిలో తీసిన చిత్రం కనుక తెరకు రెండు పక్కలా నల్లని ఖాళీ ఉంటుంది. అసలు బొమ్మకు దక్కేది సుమారు 64 లక్షల పిక్సెళ్ళు. పాత బ్లూ-రేలో అది 16 లక్షలు.

సాధారణ బ్లూ-రేలో ప్రతి మూల వర్ణానికి 256 స్థాయిలు, అల్ట్రా హెచ్‌డీలో 1024 స్థాయిలు ఉంటాయి. మొత్తం రంగులు సుమారు 1.67 కోట్ల నుండి 107 కోట్లకు పెరుగుతాయి. నేపథ్య చిత్రాలలో రాత్రి ఆకాశం వంటి చోట్ల ఒక ఛాయ నుండి మరొక ఛాయకు మారేటప్పుడు పట్టీలు ఏర్పడకుండా ఉండడానికి ఇది తోడ్పడుతుంది.

అల్ట్రా హెచ్‌డీ డిస్కు గరిష్ఠంగా సెకనుకు 128 మెగాబిట్ల వరకు సమాచారం అందించగలదు. అంతర్జాల ప్రసారాలలో 4కె చిత్రాలకు లభించేది ఇందులో చిన్న భాగం మాత్రమే. రేణువులు ప్రతి ఫ్రేముకూ మారుతూ ఉంటాయి కనుక వాటిని కుదించడం కష్టం. సమాచారం చాలనప్పుడు మొదట మసకబారేవి అవే.

దూరం, తెర పరిమాణం

సాధారణ దృష్టి గల కన్ను ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు కోణం వరకు వివరాలను వేరు చేయగలదు. ఈ లెక్కన 55 అంగుళాల తెరపై సాధారణ హెచ్‌డీ పిక్సెళ్ళు సుమారు 2.2 మీటర్ల దూరం దాటితే విడివిడిగా కనిపించవు. అంతకంటె దూరంగా కూర్చునేవారికి 4కె వలన పిక్సెళ్ళ పరంగా లాభం స్వల్పం. కాని లేని గీత తిరిగి రావడం, మారిన రంగు సరికావడం దూరంతో అంతగా సంబంధం లేని మార్పులు. అందుచేత సిండరెల్లా కొత్త ప్రతిలోని ప్రధానమైన తేడాలు మామూలు హెచ్‌డీ తెరపై కూడా కనిపించేవే.

ఇతర చిత్రాలతో పోలిక

ప్రతి యానిమేషన్ చిత్రానికీ ఈ ఫలితం వర్తించదు. 1995లో వచ్చిన టాయ్ స్టోరీ పూర్తిగా కంప్యూటరుపై తయారైన చిత్రం. దాని ఫ్రేములను 1536×922 పిక్సెళ్ళ కొలతలో రూపొందించారు. ఫిల్ము నెగటివ్‌లో వలె తిరిగి స్కాన్ చేసి వెలికితీయడానికి అందులో దాగిన వివరం ఏదీ ఉండదు. తరువాతి కాలపు కంప్యూటర్ యానిమేషన్ చిత్రాలు కూడా అనేకం 2కె కొలతలోనే పూర్తయ్యాయి. ఇటువంటి డిస్కులలో బొమ్మను పెంచి చూపుతారు. వెలుగు, రంగుల విస్తృతి వలన కొంత మెరుగుదల ఉండవచ్చును గాని, మంచి బ్లూ-రే ఉన్నవారికి తేడా పరిమితం. జపాను చిత్రం అకిరా (1988) సిండరెల్లా కోవకు చెందినది. 35 మి.మీ. ఫిల్మును 4కెలో స్కాన్ చేసి 2020లో దాని డిస్కును జపానులో విడుదల చేశారు.

కొనుగోలుకు ముందు పరిశీలించదగినవి

* మూలం: చిత్రం ఫిల్ముపై తీసినదా, కంప్యూటరుపై తయారైనదా? ఫిల్ము అయితే స్కాన్ కొత్తదా, పాతదా?
* పాత డిస్కు స్థితి: అందులో గీతలు, రేణువులు నిలిచి ఉన్నవా? ఉంటే కొత్త డిస్కు అవసరం తక్కువ.
* పరికరాలు: అల్ట్రా హెచ్‌డీ డిస్కు సాధారణ బ్లూ-రే ప్లేయరులో ఆడదు. డిస్కు డ్రైవు గల ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వంటివాటిలో ఆడుతుంది. ప్లేస్టేషన్ 4 ప్రోలో ఆడదు.
* ప్రాంతీయ సంకేతం: సాధారణ బ్లూ-రే డిస్కులకు భారతదేశం సి ప్రాంతంలోనికి వస్తుంది, అమెరికా ఎ ప్రాంతం. అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ నిబంధన లేదు కనుక విదేశాల నుండి తెప్పించినా ఆడతాయి. వాటితో కలిపి ఇచ్చే సాధారణ బ్లూ-రేకు మాత్రం నిబంధన ఉండవచ్చును.
* జత డిస్కు: పెట్టెలోని సాధారణ బ్లూ-రే కొత్త పునరుద్ధరణ నుండి తీసినదైతే, పరికరాలు మార్చకుండానే ప్రయోజనంలో ఎక్కువ భాగం దక్కుతుంది.

ముగింపు

అల్ట్రా హెచ్‌డీ పరికరాలు ఇదివరకే ఉండి, 2012 బ్లూ-రే మాత్రమే గలవారికి సిండరెల్లా కొత్త డిస్కు కొనదగినది. యానిమేషన్, చిత్రలేఖనం అభ్యసించే విద్యార్థులకు ఇది మరింత ఉపయోగకరం, ఎందుకనగా పాత డిస్కును ఆధారం చేసికొని ఆనాటి గీతల పనిని అంచనా వేయడం సాధ్యం కాదు. ఈ ఒక్క చిత్రం కొరకే ప్లేయరు, టెలివిజను కొత్తగా కొనడం మాత్రం ఖర్చుకు తగిన ప్రయోజనం ఇవ్వదు. అట్టివారు 2023 పునరుద్ధరణ ప్రతి హెచ్‌డీలో దొరికితే దానిని చూడడం మేలు. గౌను మడతలలోని గీతలను చేతితో వేసిన స్త్రీలలో చాలామంది పేర్లు చిత్రం శీర్షికలలో లేవు. వారి పని ప్రేక్షకులకు కనిపించేది ఆ గీతలలోనే.