పెరటి చెట్టు తొలగింపు

పెరటి చెట్టు తొలగింపు అనగా ఇంటి వెనుక ఆవరణలో పెరిగిన పెద్ద వృక్షాన్ని కొమ్మలు మొదలుకొని మొద్దు వరకు కోసి తీసివేయడం. గుంటూరు నగరంలోని బ్రాడీపేట వంటి పాత పేటలలో ఇళ్ళు ఒకదానికొకటి దగ్గరగా ఉండడం వలన చెట్టును మొదలంటా నరికి ఒక్కసారిగా పడవేయడానికి వీలుండదు. పనివారు పైకెక్కి, చిటారు నుండి కొమ్మ వెంట కొమ్మను కోసి, మోకులతో కట్టి నెమ్మదిగా క్రిందికి దింపుతారు. విద్యుత్తు తీగలు సమీపంలో ఉన్నచో ముందుగా సరఫరా నిలిపివేయించడం తప్పనిసరి. చివరకు మిగిలే మొద్దుతోనే అసలు చిక్కు. రావి, వేప వంటివి మొదలు నుండి మళ్ళీ చిగురిస్తాయి. అలాగని పునాదిని ఆనుకొన్న వేళ్ళను లోతుగా త్రవ్వితే గోడకే ముప్పు.

అనుమతి

చెట్టు సొంత స్థలంలో ఉన్నంత మాత్రాన యజమాని ఇష్టానుసారం నరికించరాదు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం నిర్దేశిత అధికారి అనుమతి పొందవలెను. కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నది. నరికిన చెట్టుకు బదులు మొక్కలు నాటవలసి ఉంటుంది. ఈ నిబంధన సంగతి చాలామందికి చెట్టు పడిన తరువాతగాని తెలియదు.

ఎండిన వేపచెట్లు

ఎండినట్లు కనబడే చెట్టు చనిపోయినదని అనుకోరాదు. 2021లో తెలుగు రాష్ట్రాలలో రాష్ట్ర వృక్షమైన వేప (ఆంధ్రప్రదేశ్) కొనల నుండి మాడిపోసాగింది. ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం ఇందుకు కారణమని శాస్త్రవేత్తలు గుర్తించారు. తెగులు సోకిన వేపలలో చాలా వరకు తిరిగి చిగిర్చాయి. బెరడును గీరినపుడు లోపల పచ్చగా, తడిగా ఉన్నచో ఆ చెట్టు బ్రతికే ఉన్నదని గ్రహించి, ఎండిన కొమ్మలను మాత్రమే కోయించవలెను.