గడ్డి కింద మిగిలిన ఊరు: రోసాల్

పురావస్తు శిథిలాలు అనగానే మనకు కోటలు, స్తూపాలు గుర్తుకొస్తాయి. ఒక సామాన్య రైతుల పల్లె రెండు వందల ఏళ్ల తర్వాత నేలలో ఏ రూపంలో మిగులుతుందో ఈ పాఠంలో చూద్దాం. మనం తీసుకుంటున్న ఉదాహరణ స్కాట్లాండ్ ఉత్తర కొసన, సదర్లాండ్ జిల్లాలో, నేవర్ నది లోయలో ఉన్న రోసాల్. 1814 నుంచి 1818 లోపు ఈ ఊరిని ఖాళీ చేయించారు. భూస్వామి ఎస్టేటుకు రైతుల శిస్తు కంటే గొర్రెల మందల కౌలు ఎక్కువ లాభంగా కనిపించింది. కారణం అంతే.

1962లో ఆ ప్రాంతంలో అటవీశాఖ చెట్లు నాటబోతుండగా, హొరేస్ ఫెయిర్‌హర్స్ట్ అనే పరిశోధకుడు ఊరంతా కొలిచి పటం గీశారు, కొన్ని చోట్ల తవ్వకాలు జరిపారు. ఊరు ఉన్న మేరకు చెట్లు నాటకుండా వదిలేశారు. సాగుభూమి చుట్టూ వలయంగా గట్టు, దాని లోపల దాదాపు 70 కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇళ్లు, కొట్టాలు, గడ్డివాముల దొడ్లు, ధాన్యం ఆరబెట్టే బట్టీలు వాటిలో ఉన్నాయి. అక్కడి వానకు ఓట్లు, బార్లీ ఎండలో ఆరవు. కింద పొగమంట పెట్టి ఆరబెడితే గానీ పిండి ఆడించడానికి పనికిరావు. ఎండకు కొదవలేని మనకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

ఇళ్లు పొడవాటివి. ఒకే కప్పు కింద ఒక కొసన మనుషులు, రెండో కొసన పశువులు. అడుగున రాళ్లు పేర్చి, పైన గడ్డివేళ్లతో కూడిన మట్టిపెళ్లలతో గోడ లేపేవారు. కప్పు కూలాక మట్టిగోడ కరిగి, పచ్చిక కప్పిన గట్టులా మిగిలింది. తర్వాత ఆ నేలను గొర్రెలు మేశాయి గానీ నాగలి దున్నలేదు. అందుకే పాత చాళ్ల వరుసలు కూడా చెక్కుచెదరలేదు. ఊరిని ఖాళీ చేయించిన గొర్రెలే దాని ఆనవాళ్లను కాపాడాయన్నమాట.

నేను రసాయన శాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక విషయం దగ్గర కాసేపు ఆగుతాను. ఉత్తర స్కాట్లాండ్‌లో ఇలాంటి పాత ఊళ్లను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. చుట్టూ గోధుమరంగు పొదలుంటే, ఊరున్నచోట పచ్చగడ్డి, దురదగొండి లాంటి మొక్కలు ఉంటాయి. మనుషులూ పశువులూ తరాలపాటు వదిలిన పేడ, బూడిద, ఎముకల వల్ల నేలలో ఫాస్ఫేటు చేరుతుంది. నైట్రేటు వాన నీటితో కొట్టుకుపోతుంది. ఫాస్ఫేటు మాత్రం ఆమ్లనేలలోని ఇనుము, అల్యూమినియంలతో కలిసి అక్కడే నిలిచిపోతుంది. ఆ ఆమ్లమే ఎముకలను కరిగించేస్తుంది. వస్తువు పోయినా దాని రసాయన గుర్తు మాత్రం మిగులుతుంది. అడుగడుగునా మట్టి తీసి పరీక్షిస్తే పశువులు కట్టిన కొస ఏదో తెలిసిపోతుంది. స్వీడన్‌లో అర్రేనియస్ అనే శాస్త్రవేత్త 1920ల చివర్లో ఈ పద్ధతికి బాట వేశారు. మన రైతులు పాటిదిబ్బల మన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకునేది కూడా ఈ సారం కోసమే.

ఇక చరిత్రకారుల తగాదా. ఎస్టేటు రాతలు ఈ తరలింపును 'అభివృద్ధి' అన్నాయి. రోసాల్‌లో పుట్టిన రాతిపనివాడు డోనాల్డ్ మెక్లౌడ్ ఇళ్లు తగలబెట్టారని 1840 తర్వాత పత్రికకు వరుసగా లేఖలు రాశాడు. ఇళ్లు కాల్చిన అభియోగంపై ఎస్టేటు ప్రతినిధి పాట్రిక్ సెల్లార్‌ను 1816లో ఇన్వర్‌నెస్‌లో విచారించి నిర్దోషిగా వదిలేశారు. ఆ లోయలో పెద్ద గొర్రెల క్షేత్రం కౌలుదారు కూడా అతనే. మరి మట్టి ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతుంది? బొగ్గుపొర దొరికితే మంట ఉందని చెప్పగలం గానీ, పొయ్యి మంటా, కప్పు మంటా అన్నది బొగ్గు పడి ఉన్న తీరునుబట్టి ఊహించాలి. దూలాలు ముందే ఊడదీసి మోసుకుపోయి ఉంటే బొగ్గే మిగలదు. చెట్లు అరుదైన ఆ సీమలో దూలాలు ఇంటికంటే విలువైనవి. కాబట్టి తవ్వకం ఒక్కటే తీర్పు చెప్పలేదు. మెక్లౌడ్ లేఖలను కేవలం కోపంగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక్కడ మనకొక బంధుత్వం ఉంది. మన ఊళ్ల కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవివాడు. కావలి సోదరుల సాయంతో ఆయన మన గ్రామాల వృత్తాంతాలు రాయిస్తున్న రోజుల్లోనే నేవర్ లోయ ఖాళీ అవుతోంది.

వెళ్లగొట్టిన కుటుంబాల్లో చాలామందికి సముద్రతీరంలో చిన్న మడులు కేటాయించారు. వీటినే 'క్రాఫ్ట్' అంటారు. రోసాల్ నిజానికి అలాంటి ఊరు కాదు. అక్కడ రైతులు భూమిని ఉమ్మడిగా పంచుకుని సాగుచేసేవారు. తీరంలో ఇచ్చిన మడి కుటుంబానికి చాలనంత చిన్నది. మిగతా కడుపు చేపలవేటతో నింపుకోవాలి. ఎన్నడూ పడవ ఎక్కని పశుపోషకులకు ఇది ఎంత కష్టమో ఊహించండి. 1883లో నేపియర్ కమిషన్ బెట్టీహిల్‌లో విచారణ జరిపినప్పుడు, చిన్నతనంలో ఆ తరలింపును కళ్లారా చూసిన వృద్ధులు సాక్ష్యమిచ్చారు. 1886 చట్టం క్రాఫ్టు రైతుకు న్యాయమైన కౌలు, తొలగించలేని హక్కు, వారసత్వం ఇచ్చింది. నేవర్ లోయలో పోయిన పొలాలను మాత్రం ఆ చట్టం తిరిగి ఇప్పించలేదు.