శంఖాన్ని వినే చెవి

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ట్రాక్టర్లు ఇంతగా రాకముందు ప్రతి రైతుకూ ఒక సంగతి తెలుసు. కోడెకు విత్తులు కొట్టిస్తే ఎద్దవుతుంది, కాడికి మెడ వంచుతుంది. వదిలేస్తే ఆంబోతవుతుంది. మూపురం బలుస్తుంది, మెడ మందమెక్కుతుంది, ఎవరి అదిలింపూ లెక్కచేయదు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో మన పొలాలకు తరతరాలుగా తెలుసు. అక్కడ పుట్టింది మూపురానికీ మెడకూ ఎలా చేరుతుందన్నదే తెలియలేదు.

1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నల్డ్ బెర్తోల్డ్ కొన్ని పుంజుల వృషణాలు తీసి, తిరిగి వాటి కడుపులోనే మరో చోట పెట్టాడు. పాత నరాల సంబంధం తెగిపోయినా వాటి తురాయి ఎర్రగా పెరిగింది. కూతపెట్టాయి, కొట్లాడుకున్నాయి. అంటే ఏదో నెత్తుటిలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. దాన్ని 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నస్ట్ లకూర్ బృందం ఆంబోతు వృషణాల నుంచి వేరుచేసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. 1947లో ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ ఇంకో మెట్టు ఎక్కాడు. కుందేలు కడుపులోని పిండాలకు బీజగ్రంథులు తీసేస్తే, మగవి కావాల్సిన పిండాలు కూడా లోపలా బయటా ఆడ రూపంతోనే ఎదిగాయి.

అప్పటిదాకా శాస్త్రం శంఖం ఊదేవాడినే, అంటే హార్మోనునే చూసింది. వినే చెవి ఒకటి ఉండాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది, అదీ కొందరు ఆడపిల్లల వల్ల.

పదిహేడేళ్లు నిండిన బిడ్డను తల్లి ఆసుపత్రికి తీసుకొస్తుంది. తోటిపిల్లలందరికీ ఫంక్షన్లు అయిపోయాయి, ఈ పిల్ల ఇంకా పెద్దమనిషి కాలేదు. మనిషి చూస్తే పొడుగ్గా, చక్కగా ఉంటుంది. రొమ్ములు మామూలుగానే పెరిగాయి. చంకల్లో మాత్రం వెంట్రుకలు లేవు, ఉన్నా పలచగా ఉన్నాయి. చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయిందని తల్లి గుర్తుచేసుకుంటుంది. స్కానింగ్‌లో గర్భసంచి కనబడదు. రక్తపరీక్షలో క్రోమోజోములు ఎక్స్‌వై. టెస్టోస్టెరాన్ యుక్తవయసు మగవాడికి ఉన్నంత ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంత హార్మోను ఒంట్లో పారుతున్నా ఒక్క కణమూ దాన్ని పట్టించుకోలేదు. చెవిటివాని ముందు శంఖమూదినట్టు అన్న మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. ఇలాంటి 82 కేసులను ఒకచోట చేర్చి 1953లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాన్ మోరిస్ ప్రచురించాడు.

వరంగల్‌లో 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ తెరిచేనాటికి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆ చెవి ఊసు లేదు. 1968-69లో డల్లస్‌లో బ్రుకోవ్‌స్కీ, విల్సన్, షికాగోలో షుట్‌సుంగ్ లియావో, లండన్‌లో మెయిన్‌వేరింగ్ ఎవరి దారిన వాళ్లు దాన్ని పట్టుకున్నారు. రేడియోధార్మిక గుర్తు తగిలించిన హార్మోనును ఎలుకల ప్రొస్టేట్ కణాల్లో వెతికితే, అది కేంద్రకంలో ఒక ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని దొరికింది. అదే ఆండ్రోజెన్ (టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోను) గ్రాహకం. హార్మోను లేనప్పుడు అది కణద్రవంలో ఊరికే ఉంటుంది. హార్మోను తగలగానే ఆకారం మార్చుకుని కేంద్రకంలోకి వెళ్తుంది, జంటగా డీఎన్ఏ మీద కూర్చుని జన్యువులను నిద్రలేపుతుంది. 1988లో దాని జన్యువునే వేరుచేసి చదివారు. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంది.

ఈ చివరి మాట మన ఇళ్లలో గట్టిగా చెప్పాలి. పిల్లల్లో జన్యులోపం అనగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట మేనరికం. కొన్ని జబ్బుల విషయంలో అది నిజమే. టెస్టోస్టెరాన్‌ను మరింత చురుకైన రూపానికి మార్చే ఎంజైము లోపిస్తే పిల్లల ఎదుగుదల కొంతవరకు ఇలాగే తడబడుతుంది. అక్కడ మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది. ఈ గ్రాహకం సంగతి వేరు. లోపమున్న జన్యువు తల్లి రెండు ఎక్స్‌లలో ఒకదాని మీద ఉంటుంది. ఆమె మేనబావను చేసుకున్నా, పరాయి సంబంధం చేసుకున్నా, ఎక్స్‌వైగా పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. దాదాపు మూడింట ఒక వంతు కేసుల్లో తల్లిలో కూడా ఉండదు, కొత్తగా పుడుతుంది. ఆ తల్లిని తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు.

చెవి పనిచేయకపోవడం ఒక్కటే జబ్బు కాదు. గ్రాహక జన్యువు మొదట్లో సీఏజీ అనే మూడక్షరాలు వరసగా తిరిగి తిరిగి వస్తాయి, చాలామందిలో ఇరవై చిల్లర సార్లు. అది 38 లేదా అంతకు మించితే గ్రాహకం వినడం తగ్గడమే కాదు, నాడీకణాలకు విషమవుతుంది. నడివయసు మగవాళ్ల నాలుక, గొంతు, కాళ్లు మెల్లగా బలహీనపడతాయి. కెన్నెడీ వ్యాధిగా పేరున్న దీనికి కారణం ఇదేనని 1991లో లాస్పాడా, ఫిష్‌బెక్ తేల్చారు. మామూలు హద్దులోనే ఈ వరస కాస్త పొడుగైతే వీర్యకణాలు తగ్గుతాయని 1997లో సింగపూర్ పరిశోధకులు చెప్పారు. మనవాళ్లలోనూ అంతేనా? లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో సంతానం లేని భారతీయ పురుషులను పరీక్షించి, అలాంటి సంబంధం కనబడలేదని 2002లో ప్రచురించింది. ఎక్కడో తేలిన ఫలితాన్ని మనవాళ్లకు అంటగట్టకుండా మన నెత్తుటిలోనే చూసుకున్న ఆ పని నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో కథ తిరగబడుతుంది. వృషణాలు తీసేస్తే ఆ క్యాన్సర్ తగ్గుతుందని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. 1966లో నోబెల్ అందుకున్నాడు. కొన్నాళ్లకు క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టేది. హార్మోను అవసరం లేకుండా బతకడం నేర్చిందనుకున్నారు. నిజానికి చాలా కణాలు గ్రాహకాలను పెంచుకుని, మిగిలిన పిసరంత హార్మోనునూ వింటున్నాయి. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఎంజాలుటమైడ్ మందు నేరుగా ఆ గ్రాహకాన్నే మూసేస్తుంది.

ఆ పదిహేడేళ్ల అమ్మాయి దగ్గరికి వస్తే, ఒకప్పుడు ఇలాంటి పిల్లల ఒంటి లోపలే ఉండిపోయిన వృషణాలను చిన్నతనంలోనే తీసేసేవారు, పిల్లకు నిజం చెప్పేవారు కాదు. ఇప్పుడు చాలాచోట్ల యుక్తవయసు దాటేదాకా ఆగుతున్నారు. అప్పటిలోగా క్యాన్సర్ ముప్పు తక్కువ. పైగా, ఆ టెస్టోస్టెరానే ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములనూ ఎముకలనూ పెంచుతుంది. పెరిగాక తీయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. డాక్టరు కాగితం మీద ఒక ఎక్స్ గీసి, దాని మీద చుక్క పెట్టి చెబుతుంటే, వినాల్సిన మొదటి మనిషి ఆ అమ్మాయి. తల్లి కుర్చీ ఆమె పక్కన.