రాష్ట్రేతరాంధ్రుల యిండ్లలో పిల్లల చేతిపనులు

ఒక జాతి చరిత్రను శాసనములలోను, కావ్యములలోను వెదకుట పరిపాటి. తంజావూరు, మధుర నాయకరాజుల కాలమున దక్షిణదేశమున స్థిరపడిన తెలుగువారిని గురించి అట్టి పరిశోధన చాలవరకు జరిగినది. కాని ఆ కుటుంబములలోని అయిదేండ్ల బిడ్డ దేనితో ఆడుకొన్నది, ఎవరి ప్రక్కను కూర్చుండి ఏమి చేయనేర్చినది అను ప్రశ్నకు శాసనములు జవాబు చెప్పవు. ఆ జవాబు ఇంటి ముంగిటను, పెరటిమట్టిలోను, అటకమీది బొమ్మల పెట్టెలోను వెదకవలసియున్నది. లిపి మరచిన తెలుగు కుటుంబములలో సైతము కొన్ని తెలుగు మాటలు నిలిచియుండుటకు, పెద్దలు పిల్లలను చేర్చుకొని చేయుచు వచ్చిన చిన్న చిన్న చేతిపనులు ఒక కారణమని చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ముగ్గు. బిడ్డకు పలకా బలపము చేతికి రాకమునుపే ఇసుకలో వేలితో గీయుట అబ్బును. పిదప అమ్మమ్మ చుక్కలు పెట్టును. మనుమరాలు వానిని కలుపును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండి సన్నగా జారునట్లు పట్టుట కొన్ని నెలల సాధన. చుక్క, గీత, మెలిక, వరుస అను మాటలు ఆ సాధనతోనే పట్టుబడును. ఇరుగుపొరుగున తమిళులు దీనిని కోలమందురు; కన్నడిగులు రంగోలి యందురు. ధనుర్మాసమున పేడముద్దపై గుమ్మడిపూవు నిలుపుట తమిళుల మార్గళి మాసమునందును కలదు. వస్తువు ఇరువురికిని ఒక్కటే. తెలుగింటి పిల్ల దానిని గొబ్బెమ్మ యని పిలుచుచున్నంతకాలము ఆ పేరు ఆ వీధిలో బ్రదికియుండును.

బొమ్మలకొలువు కథ మరియొక విధమైనది. కోస్తా జిల్లాలలో పెక్కు కుటుంబములు సంక్రాంతికి బొమ్మలు తీర్చును. తమిళదేశమునను మైసూరు ప్రాంతమునను ఇది నవరాత్రుల వేడుక. అచ్చట నివసించు తెలుగువారు పరిసరముల ననుసరించి దసరాకే కొలువు పెట్టుట అలవరచుకొన్నారు. తిథి మారినను పని మారలేదు. మెట్లమీది బొమ్మలు కొన్నవి కావచ్చును. తిరుపతి యెర్రచందనపు జంట కావచ్చును, కొండపల్లి పొణికికర్ర బొమ్మ కావచ్చును. కాని మెట్ల క్రింది ఊరు మాత్రము పిల్లలదే. పళ్లెములో మన్ను పోసి మెంతులో రాగులో చల్లి, దినదినమును నీరు చిలకరించి పైరు మొలిపింతురు. అద్దపుముక్క చెరువగును. అగ్గిపెట్టెలు ఇండ్లగును. తొమ్మిదినాళ్ల పండుగకు పిల్లల పని వారమునాళ్లు ముందే మొదలగును.

లక్కబొమ్మల విషయమునను ఇట్టి చుట్టరికమే కానవచ్చును. విశాఖ ప్రాంతమున ఏటికొప్పాక పనివారు అంకుడుకర్రను తరిణెపట్టి, లక్కరంగులు పూసి పిడతలు చేయుదురు. బెంగుళూరునకు సమీపమున చన్నపట్టణము పనివారు ‘ఆలె’ కర్రతో బొమ్మలు చేయుదురు. రెండును ఒకే జాతి చెట్టు. బెంగుళూరు తెలుగింటి బిడ్డ ఏ యూరి పిడతతో ఆడినను, దానిలో ఇసుక వండి వడ్డించునపుడు ఆ యాటపేరు గుజ్జనగూళ్లే.

సరిహద్దులను గీతలుగా చూచువారికి బళ్లారిసీమ చక్కని పాఠము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. బళ్లారియు తక్కిన తాలూకాలును మైసూరు రాష్ట్రమున చేరినవి. అయినను జ్యేష్ఠమాసపు అమావాస్యనాడు మట్టియెద్దులను చేసి పూజించు ఆచారమునకు ఆ గీత అడ్డురాలేదు. కన్నడిగులు దానిని ‘మణ్ణెత్తిన అమావాస్యె’ యందురు. నల్లమన్ను పిసికి జత యెద్దులను, వాని ముందర గాడిని చేయుట పిల్లలకు పండుగ. చెవులు అతికించి, కొమ్ములు నిలిపి, మూపురమును ఎత్తుచు చేయునపుడు గంగడోలు అనగానేమో, కాడి యెక్కడ ఆనునో పెద్దలు చూపి చెప్పుదురు. నాగలి నెరుగని పట్టణపు బిడ్డకు ఈ మాటలు వినబడు అవకాశము అరుదు.

తెలంగాణమున బొడ్డెమ్మ కన్నెపిల్లల పండుగ. భాద్రపద బహుళ పంచమి మొదలు మహాలయ అమావాస్య వరకు, పీటపై పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా గోపురమువలె దీనిని మలచి, పూలతో అలంకరింతురు. దాని వెంటనే వచ్చు బతుకమ్మకు పూలను ఏరుట, కాడలను సరిచేయుట, గునుగుపూలకు రంగులద్దుట పిల్లల వంతు. పసుపుతో గౌరమ్మను చేయుట పెద్దల ప్రక్కను కూర్చుండి నేర్చుకొను పని. షోలాపూరులో 1877లో నూలుమిల్లు వెలసిన తరువాత ఆ నగరమునకు బ్రతుకుతెరువు వెదకుకొనుచు పోయిన పద్మశాలి కుటుంబములు తమ మగ్గమును మాత్రమే కాక బతుకమ్మను కూడ వెంట కొనిపోయినవి. బడిలో మరాఠీ చదివిన బిడ్డలు పూలవరుసలు పేర్చునపుడు తెలుగున పాడుట అచ్చట తరతరముల వాడుక.

శిశువునకు చేతిపని ద్వారా విద్య గరపవలెనను సిద్ధాంతమును విద్యావేత్తలు ఆలస్యముగా గుర్తించిరి. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో తన శిశువిద్యాలయమును నెలకొల్పెను. గాంధీమహాత్ముడు 1937లో వార్ధా సభలో చేతిపని కేంద్రముగా గల విద్యను ప్రతిపాదించెను. మేరియా మాంటిస్సోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. మన అమ్మమ్మలకు ఈ సిద్ధాంతములు తెలియవు. ఇంటిపని నడుమ బిడ్డ అల్లరి చేయకుండుటకు పిండిముద్దయో, మట్టిముద్దయో చేతికిచ్చిరి. ఆ ముద్దతో పాటు మాటను కూడ ఇచ్చిరి.

భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికవిద్య మాతృభాషలో లభింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. 2006లో తమిళనాడు చట్టము తమిళమును ఒకటవ తరగతి నుండి క్రమక్రమముగా తప్పనిసరి చేసినది. నివసించు ప్రాంతపు భాషను నేర్చుట బిడ్డకు మేలే. కాని తెలుగు తరగతికి మిగులు వేళ తగ్గినది. ఇట్టి స్థితిలో ఇంటిపై భారము హెచ్చినది. అదే సమయమున ఇంటిలోని పని తగ్గినది. అంతస్తుల భవనములలో ముంగిలి లేదు. ముగ్గు అంటించు కాగితముగా వచ్చుచున్నది. వినాయకుడు అచ్చుపోసిన బొమ్మగా వచ్చుచున్నాడు. అంటించిన ముగ్గులో చుక్క లెన్నియో లెక్కించు పనిలేదు. కొన్న బొమ్మకు చెవి యెట్లు అతుకవలెనో అడుగు పనిలేదు. అడుగుట లేనిచోట చెప్పుటయు ఉండదు. మాటలు పోవుట ఈ విధముగానే జరుగుచున్నది.

చేతిపని ఒక్కటే భాషను కాపాడునని చెప్పుట అతిశయోక్తి యగును. మట్టియెద్దును చేయుచు ఇంగ్లీషున మాటలాడినచో ఎద్దు మిగులును, తెలుగు మిగులదు. పనియు పలుకును జోడుగా నడువవలెను. ఇందుకు ధనము అక్కరలేదు. పిడికెడు బియ్యపుపిండి, చేరెడు మన్ను, ఒక తాటాకు, ఆదివారపు మధ్యాహ్నము చాలును. తాటాకు నుండి పెండ్లికూతురు బొమ్మను, కొబ్బరాకు నుండి బూరను చేయగల వృద్ధులు యానాము నుండి బరంపురము వరకు, హోసూరు నుండి మధుర వరకు ఇంకను ఉన్నారు. వారి చేతులు చురుకుగా ఉన్నప్పుడే మనుమలను వారి ప్రక్కను కూర్చుండబెట్టవలెను. తెలుగు సంఘములు ఏటేట జరుపు ఉత్సవములలో పిల్లల పాటలకు, నాటికలకు ఇచ్చు వేళలో ఒక గంట ఈ పనికి కేటాయించి, చేసిన ప్రతివస్తువు పేరును, దాని భాగముల పేర్లను బిడ్డచేత తెలుగున చెప్పించినచో, పాఠ్యపుస్తకమునకు ఎక్కని కొన్ని మాటలైనను తరువాతి తరమునకు చేరగలవు.