బూడిద, గంజి, పాత చీర: మన చీరాల సంచి కథ

సంచుల యూనిట్‌కు అప్పు ఇవ్వాలా వద్దా అన్న మాట సమావేశంలో వచ్చినప్పుడు కొందరు అక్కలు గట్టిగానే అడ్డుపడ్డారు. "ప్లాస్టిక్‌కు బదులు సంచులంటే కొత్త వ్యాపారం, తెలియని దాంట్లో చెయ్యి పెట్టడం దేనికి" అన్నారు. అప్పు తీరేది మన పొదుపు డబ్బుతోనే కాబట్టి ఆ భయం తప్పు కాదు. కానీ కొత్త వ్యాపారం అన్న మాట మాత్రం సరికాదు. పారేసే వస్తువుతో పనికొచ్చే వస్తువు చేయడం మన ఊరికి పాత విద్యే. అందుకే ఈసారి నివేదికలో లెక్కల పక్కన ఈ చరిత్ర కూడా రాస్తున్నాం.

చీరాల రుమాళ్ల పేరు వినని మగ్గం ఇల్లు మన దగ్గర ఉండదు. తేలియా రుమాలు అని పైవాళ్లు పిలిచేది దాన్నే. తేల్ అంటే నూనె. ఆముదం గింజ ఒలిచాక మిగిలిన కాయ పొట్టును కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి తేర్చేవారు. ఆ బూడిద నీళ్లూ నూనే కలిపి, నూలును అందులో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టేవారు. అలా చేస్తేనే నూలు రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ల ఆ రుమాళ్లు ఇక్కడి నుంచి అరబ్బు దేశాల దాకా వెళ్లాయి. తర్వాత ఆ పని నల్గొండ వైపు పుట్టపాకకు చేరి అక్కడ నిలబడింది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా పుట్టపాక పేరు మీదే. మనకు కొంచెం బాధగానే ఉంటుంది, ఏం చేస్తాం! కానీ దేశాలు దాటిన సరుకుకు మూలం పొయ్యిలోకి పోయే ఆముదపు పొట్టు అన్నది మరిచిపోకూడదు.

గంజి సంగతీ అంతే. వీధిలో పడుగు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వడం మనలో పెద్దవాళ్లు చూసినవాళ్లే, చేసినవాళ్లే. ఇంట్లో వార్చిన గంజి కూడా ఊరికే పోయేది కాదు. పశువుల కుడితిలోకి పోయేది, లేదా ఉతికిన నూలు చీరకు పట్టేది. ఇక చీర పాతబడితే బొంత, చంటిపిల్లకు ఉయ్యాల, చివరికి మసిగుడ్డ. కొట్టుకు వెళ్లేటప్పుడు చేతిలో గుడ్డ సంచి, నూనెకు సీసా, భోజనానికి విస్తరాకు. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆయన వస్తే బేరం ఎంతసేపు నడిచేదో అందరికీ గుర్తే.

పాలిథీన్ 1933లో ఇంగ్లండులో ఒక కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా తయారైంది. చేతిపిడులున్న ఇప్పటి క్యారీబ్యాగుకు పేటెంటు 1965లో స్వీడన్ కంపెనీ ఒకటి తీసుకుంది. ఆ తర్వాత గుడ్డ సంచిని మనింట్లోంచి తోసేయడానికి ఎన్నో ఏళ్లు పట్టలేదు. ముడిచమురు, గ్యాస్ నుంచి తీసే సరుకు అది. తవ్వేటప్పుడు, తయారుచేసేటప్పుడు, చివరికి కుప్పపోసి తగలబెట్టేటప్పుడు కూడా భూమిని వేడెక్కించే వాయువులు వదులుతుంది.

చెత్త అనగానే మన ఊళ్లో పన్ను మాట కూడా వస్తుంది. మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచారని 1921లో చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇళ్లు వదిలి, రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. నూరేళ్ల తర్వాత, 2021 అక్టోబరు 2న రాష్ట్రంలో క్లాప్ కార్యక్రమం మొదలై, తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమన్నారు. దాంతోపాటు ఇంటింటి చెత్త రుసుమూ వచ్చింది. చెత్త పన్ను అని జనం విసుక్కున్నారు. దాన్ని తీసేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న ప్రకటించారు. రుసుము పోయింది గాని చెత్త పోలేదు.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల వంటివి దేశమంతా నిషేధం. ఆ ఏడాది చివరి నుంచి క్యారీబ్యాగు 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదు. అంతకు ముందే, 2021 సెప్టెంబరు చివర, నాన్-వోవెన్ సంచులకూ నిబంధన వచ్చింది. ఇక్కడే మేము ఒకసారి దెబ్బతిన్నాం. గుడ్డే అని నమ్మి ఒక వ్యాపారి దగ్గర చుట్టలు కొని కుట్టాం. మెత్తగా, గుడ్డలాగే ఉంది. నిజానికి అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఇప్పుడు కొనేముందు చిన్న ముక్కను ఆరుబయట అంటించి చూస్తున్నాం. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, ప్లాస్టిక్ అయితే కరిగి పూసలా ముద్ద కడుతుంది.

అయితే కొత్త నూలు గుడ్డ తెచ్చి కుడితే అంతా మంచేనా? అదీ కాదు. పత్తి సాగుకు నీళ్లు, ఎరువులు, మందులు ఎన్ని కావాలో పత్తిచేల మధ్య బతికే మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క వేసింది. వాతావరణం వేడెక్కే లెక్కలో కొత్త నూలు సంచి, ఒక్కసారి వాడి పారేసే పలచని ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే దాన్ని 131 సార్లు వాడాలట. వారానికి రెండుసార్లు బజారుకు తీసుకెళ్తే ఏడాదీ మూడు నెలలు. సంచిని బీరువాలో దాచుకుంటే ఆ లెక్క ఎప్పటికీ తీరదు. పాత చీర సంగతి వేరు. దాని పత్తి, నీళ్లు, రంగు ఖర్చు ఎప్పుడో అయిపోయింది. కొత్తగా పడేది కత్తిరింపు, దారం, కుట్టుకూలి.

వంటింటి చెత్తతోనే ప్లాస్టిక్ లాంటిది చేయొచ్చా అని మన అమ్మాయిలు అడుగుతున్నారు. చేయొచ్చు. కొన్ని సూక్ష్మజీవులు మన ఒంట్లో కొవ్వులాగా తమలో ఒక పదార్థం దాచుకుంటాయని 1926లోనే పారిస్‌లో లెమ్వాన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆహార వ్యర్థాలతో వాటిని పెంచి ప్లాస్టిక్ తీస్తారు. కానీ ఇంకా ఖరీదెక్కువ, ఇంటి పని కాదు. మొక్కజొన్న పిండితో డీఆర్‌డీఓ వాళ్లు రూపొందించిన సంచులను 2021 ఆగస్టులో తిరుమలలో అమ్మకానికి పెట్టారు. అదీ పిండే, మన గంజికి చుట్టమే. అలాంటి సరుకు ఎవరైనా తెస్తే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం అడగండి.

ఒక మెలిక ఉంది. పిండి సంచైనా, విస్తరాకైనా, కూరగాయల తొక్కైనా గాలాడని చెత్తకుప్ప అడుగున పడితే మీథేన్ వస్తుంది. నూరేళ్ల లెక్కలో కిలో మీథేన్ సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువంత వేడి పుట్టిస్తుంది. అదే గాలి తగిలేలా తిరగేస్తూ ఎరువు చేస్తే మీథేన్ బాగా తగ్గుతుంది. అంటే సంచుల యూనిట్ పక్కనే ఎరువు గుంట కూడా ఉండాలి. అప్పు అర్జీలో దాన్నీ రాశాం.

యూనిట్ పాత నూలు చీరలతోనే మొదలవుతుంది. చీరలు తెచ్చే అక్కలు ఉతికి, ఎండబెట్టి, జరీ అంచు విప్పి తెండి. సింథటిక్ చీరలు వేరే మూట కట్టండి, నూలులో కలపొద్దు.