తిహార్ జైలులో విపశ్యన

ఢిల్లీలోని తిహార్ కేంద్ర కారాగారంలో ఖైదీల కోసం 1993లో మొదలైన పది రోజుల ధ్యాన శిబిరాలివి. తనలోని కోపాన్ని, పగను, భయాన్ని, చేసిన తప్పు తాలూకు వేదనను ముఖం తిప్పుకోకుండా గమనించడం ఈ సాధనకు ప్రాణం.

నేపథ్యం

ఈ సాధనకు ఆధారమైన సతిపట్ఠాన సుత్తాన్ని బుద్ధుడు కురుదేశంలోని కమ్మాసధమ్మంలో బోధించాడని పాళీ గ్రంథాలు చెబుతాయి. నేటి ఢిల్లీ పరిసరాలు ఆ కురుదేశంలోనివే. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ వద్ద విపశ్యన నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా (1924–2013) 1969 నుంచి భారతదేశంలో శిబిరాలు నడిపారు. 1975లో రాష్ట్ర హోం కార్యదర్శి రామ్‌సింగ్ చొరవతో జైపూర్ కేంద్ర కారాగారంలో శిబిరం పెట్టినప్పుడు, సంకెళ్లతో ఉన్నవారికి బోధించనని గోయెంకా పట్టుబట్టి వాటిని తీయించారు.

తిహార్‌లో ఆరంభం

1993లో కిరణ్ బేదీ జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చేనాటికి తిహార్ కిక్కిరిసి ఉంది. ఖైదీల్లో అత్యధికులు విచారణ ముగియనివారే. ఆ నవంబరులో జరిగిన తొలి శిబిరంలో ఖైదీల పక్కనే జైలు సిబ్బందీ కూర్చున్నారు. 1994 ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలకు గోయెంకా స్వయంగా శిబిరం నిర్వహించారు. అదే ఏడాది అక్కడ ‘ధమ్మ తిహార్’ శాశ్వత కేంద్రం ఏర్పడింది.

సాధన క్రమం

పంచశీల పాటిస్తామన్న మాటతో శిబిరం మొదలవుతుంది. తొమ్మిది రోజులు మౌనం. మొదటి మూడు రోజులు శ్వాసపై దృష్టి, నాలుగో రోజు నుంచి శరీరంలోని సంవేదనల పరిశీలన, పదో రోజు మైత్రీ భావన. మాటా, చదువూ, కాలక్షేపమూ లేనిచోట అణచిపెట్టిన పగలు, పశ్చాత్తాపాలు పైకి వస్తాయి. వాటిని తొక్కిపెట్టకూడదు, వాటికి లొంగిపోనూ కూడదు. కోపంతోపాటే ఒంట్లో పుట్టే వేడినీ దడనూ గుర్తుపట్టడం అలవడితే, చెయ్యి లేచేలోపు ఆగే వీలు చిక్కుతుంది.

ప్రాధాన్యం, పరిమితులు

ఇది శిక్షకు మినహాయింపు కాదు, చేసిన నేరానికి మాఫీ అంతకన్నా కాదు. ‘నేను చేశాను’ అని మనిషి తనకు తాను ఒప్పుకోవడమే ఇక్కడి అసలు ఫలం. బయటి తీర్పు ఒక్కటే దాన్ని తేలేదు. తీవ్ర మానసిక రుగ్మతలున్నవారికి ఈ శిబిరాలు తగవని, ఇవి వైద్యానికి ప్రత్యామ్నాయం కావని నిర్వాహకులే చెబుతారు. తిహార్ అనుభవంపై 1997లో ‘డూయింగ్ టైమ్, డూయింగ్ విపాసన’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. సామాన్యుల కోసం ఢిల్లీ పరిసరాల్లోని సోహ్నా, సోనీపట్‌లలోనూ, హైదరాబాద్‌లోనూ ఇదే సంప్రదాయపు కేంద్రాలున్నాయి. వాటిలో బోధనకు రుసుము తీసుకోరు.