బైపాస్‌కి బైపాస్: ఒక ప్రధాని, ఒక మాజీ అధ్యక్షుడు

2009 జనవరి 24. ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్‌కి గుండె ఆపరేషన్. వయసు 76. ఎన్నికలకి మూడు నెలలు కూడా లేవు. పైగా అది ఆయనకి రెండో బైపాస్. మొదటిది 1990లో బ్రిటన్‌లో జరిగింది, మధ్యలో ఒకసారి యాంజియోప్లాస్టీ కూడా అయ్యింది. ముంబయి నుంచి వెళ్ళిన డాక్టర్ రమాకాంత పాండా బృందం, ఎయిమ్స్ డాక్టర్లు కలిసి గంటల తరబడి కష్టపడి ఐదు కొత్త గ్రాఫ్టులు వేశారు.

ఏడాది తిరిగిందో లేదో, 2010 ఫిబ్రవరి 11న న్యూయార్కులో బిల్ క్లింటన్‌కి ఛాతీలో ఇబ్బంది వచ్చింది. 2004లో వేసిన నాలుగు గ్రాఫ్టుల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. ఆయనకి మాత్రం ఛాతీ కోయలేదు. రెండు స్టెంట్లు వేసి మర్నాడే ఇంటికి పంపేశారు.

ఇద్దరిదీ ఒకే సమస్య. పెద్దాయనకేమో పెద్ద ఆపరేషన్, చిన్నాయనకేమో చిన్న చికిత్స. మామూలుగా మనమైతే తిరగేసి చెప్తాం కదా? "ఆ వయసులో ఇంకో ఆపరేషనా, మందులతో లాగిద్దాం" అని. మరి డాక్టర్లు అలా ఎందుకు చేశారు? అది తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి.

1964లో లెనిన్‌గ్రాడ్‌లో వాసిలీ కొలెసోవ్ అనే సర్జన్, రొమ్ము ఎముక వెనకాల ఉండే ధమనిని తీసుకెళ్ళి గుండె ధమనికి కుట్టాడు. బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనె ఫవలోరో అనే అర్జెంటీనా డాక్టరు కాలి సిరతో ఆ పని మొదలెట్టాడు. కాలి సిర పొడుగ్గా ఉంటుంది, తీయడం సులువు, కావలసినన్ని ముక్కలు వస్తాయి. దాంతో ప్రపంచమంతా అదే పద్ధతి పట్టుకుంది.

చిక్కు ఎక్కడంటే, సిర తక్కువ ఒత్తిడికి తయారైన గొట్టం. దాన్ని ధమని ఒత్తిడికి తగిలించడమంటే తోటలో మొక్కలకి నీళ్ళు పట్టే పైపుని బోరు మోటారుకి బిగించినట్టే. తట్టుకోవడానికి గోడ మందమవుతుంది, ఆ మందం మీద ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుంటుంది. పదేళ్ళు తిరిగేసరికి సిర గ్రాఫ్టుల్లో సుమారు సగం మూసుకుపోతాయని పాత అధ్యయనాల లెక్క. కొలెసోవ్ వాడిన ఛాతీ ధమని అయితే పదేళ్ళకి కూడా పదింట తొమ్మిది బాగానే ఉంటాయి. ఆ ధమని వేసినవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారని 1986లో లెక్కలతో చూపించింది మళ్ళీ ఆ క్లీవ్‌లాండ్ వాళ్ళే!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే బైపాస్ అనేది ప్యాచ్ మాత్రమే. అసలు జబ్బు అలాగే ఉంటుంది, ప్యాచ్‌కీ ఒక ఆయుష్షు ఉంటుంది. మరి ప్యాచ్ పోతే ఏం చేయాలి?

మొదటి దారి, మళ్ళీ ఛాతీ తెరవడం. మొదటిసారితో పోలిస్తే ప్రాణాపాయం రెండు మూడు రెట్లు ఎక్కువ. పాత కుట్ల వల్ల లోపల అన్నీ అతుక్కుపోయి ఉంటాయి. బాగా పనిచేస్తున్న పాత గ్రాఫ్టు సరిగ్గా ఎముక కిందే ఉంటే, ఎముక కోసేటప్పుడు అది తెగే ప్రమాదం. కాలి సిరలు మొదటిసారే అయిపోయి ఉండొచ్చు కూడా.

రెండో దారి, పాడైన సిర గ్రాఫ్టులోనే స్టెంటు. వినడానికి సులువే. కానీ పాత సిరలో పేరుకున్నది పెళుసుగా ఉంటుంది. కదిపితే ముక్కలు విరిగి కిందికి కొట్టుకుపోయి సన్న నాళాల్ని మూసేస్తాయి. వాటిని పట్టుకునే పరికరం వాడితే నెలరోజుల్లోపు వచ్చే పెద్ద ప్రమాదాలు 16.5 శాతం నుంచి 9.6 శాతానికి తగ్గాయని 2002లో ఒక ట్రయల్ చూపించింది. ఎప్పుడో పూర్తిగా మూసుకుపోయిన గ్రాఫ్టు జోలికి మాత్రం పోవద్దనే 2021 అమెరికా మార్గదర్శకాలు చెప్తున్నాయి.

మూడోది, గ్రాఫ్టుని వదిలేసి దాని కింద ఉన్న సొంత ధమనినే తెరవడం. క్లింటన్‌కి చేసింది ఇదే. వీలైతే ఇదే మేలని 2018లో యూరప్, 2021లో అమెరికా మార్గదర్శకాలు రాసుకున్నాయి.

నాలుగోది, మందులు. దీన్ని చేతులెత్తేయడం అనుకుంటారు, కాదు. 1997లో వచ్చిన ఒక ట్రయల్‌లో కొలెస్ట్రాల్‌ని గట్టిగా తగ్గించినవాళ్ళలో 27 శాతం గ్రాఫ్టుల్లో జబ్బు ముదిరితే, ఓ మోస్తరుగా తగ్గించినవాళ్ళలో 39 శాతం ముదిరాయి. పై మూడింట్లో ఏ దారిన వెళ్ళినా మందులు తప్పవు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఇద్దరి దగ్గరికి వద్దాం. క్లింటన్‌కి పోయింది ఒక్క గ్రాఫ్టు, దాని కింద ధమని తెరవడానికి వీలుగా ఉంది. మన్మోహన్ సింగ్‌కి చాలా చోట్ల అడ్డంకులు, ఒకటి రెండు స్టెంట్లతో తేలే వ్యవహారం కాదు. అంటే నిర్ణయించింది వయసు కాదు, లోపల ఏం మిగిలింది అన్నది. ఆ రెండో బైపాస్ తర్వాత ఆయన ఎన్నికల్లో గెలిచి 2014 దాకా ప్రధానిగా ఉన్నారు, 92 ఏళ్ళ వయసులో 2024 డిసెంబర్ 26న కన్నుమూశారు. అలాగని అందరికీ రెండో బైపాసే సరి అనుకోకూడదు. ఆయనకి దొరికిన సర్జన్లు అందరికీ దొరకరు. ఇలాంటి రోగుల్లో మళ్ళీ బైపాస్, యాంజియోప్లాస్టీ రెంటినీ పోల్చిన ఒక అమెరికా ట్రయల్‌లో మూడేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళ లెక్కలో పెద్ద తేడా రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక మన ఊళ్ళల్లో బైపాస్ అనేది డబ్బున్నవాళ్ళ ఆపరేషన్‌గా మిగల్లేదు. అప్పట్లో యాభై ఏళ్ళకి చేయించుకున్నవాళ్ళు ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డారు. ఆ సిరలకీ వయసొచ్చింది. రేపు ఆయాసం వస్తే ఇంట్లో వాళ్ళు అడగాల్సింది "ఈ వయసులో అవసరమా?" అని కాదు. ఏ గ్రాఫ్టు పోయింది? ఛాతీ ధమని తెరిచే ఉందా? సొంత ధమని తెరవడానికి వీలుందా? ఆ వైపు గుండె కండ ఇంకా బతికే ఉందా? కిడ్నీలు ఎలా ఉన్నాయి? వీటన్నిటికంటే ముందు, మంచం మీదున్న మనిషికి ఏం కావాలి?

వీటిల్లో సగం ప్రశ్నలకి జవాబు మొదలయ్యేది పాత ఆపరేషన్ కాగితాల దగ్గర. ఏ గ్రాఫ్టు ఎక్కడ కుట్టారో వాటిలో రాసుంటుంది. అది లేకపోతే డాక్టరు చీకట్లో వెతుక్కోవాలి, డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ మన నెత్తిన పడ్డట్టు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నగారినో మావయ్యనో ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో ఒక్కసారి అడగండి.